ఒక గుర్రం, ఏడు నకళ్లు

దిండు గలీబు మార్చబోతుంటే మాత్రలు రాలిపడ్డాయి. తెల్లవి ఏడు, పసుపువి నాలుగు. కొన్ని సగం కరిగి గుడ్డకు అంటుకుపోయి ఉన్నాయి. ఆమె మంచం పట్టె మీద కూర్చుని వాటిని ఒక్కొక్కటే అరచేతిలోకి ఏరుకుంది. పొద్దునా సాయంత్రం తన చేత్తోనే భర్త నోట్లో వేసి, నీళ్లు తాగించి, గొంతు కదిలేదాకా చూసి మరీ వెళ్లేది. అయినా ఆయన వాటిని దవడ పక్కన దాచుకుని, ఆమె గుమ్మం దాటగానే ఉమ్మేస్తున్నాడన్నమాట.

మేస్త్రి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదు. నిద్రలో ఆయన ఊపిరి ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

"ఏవండీ," అంది.

ఆయన దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. మాత్రలు పిడికిట్లో పట్టుకుని లేచి బయటికి వచ్చేసింది.

రెండు నెలల క్రితం దాకా ఆ పేటలో మేస్త్రి అంటే ఇంకెవరూ కాదు, ఆయనే. కుర్చీల వీపులకు ఆకులు, మంచాల తలాపులకు పక్షులు చెక్కేవాడు. ఇరవై రెండేళ్లుగా ఆయన చెక్కిన ప్రతి ముక్కా ఆమె చేతుల్లోంచే బయటికి వెళ్లేది. గరుకు కాగితం పట్టడం, రంగు ఎక్కించడం, మెరుపు తేవడం ఆమె పని. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె పాలిషక్క. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనిపించేది కాదు.

పార్కులో రంగులరాట్నాన్ని కొత్తగా కట్టిస్తున్న యజమాని ఎనిమిది గుర్రాల తలలు కావాలని ఆయన దగ్గరికి వచ్చాడు. గుర్రాల ఒళ్లు ఫైబరువైనా, పిల్లలు చెవులు పట్టుకుని వేలాడే తల మాత్రం చెక్కదే ఉండాలని అతని కోరిక. మేస్త్రి ముందుగా చెక్కలు అతికించి దిమ్మలన్నీ తయారు చేసుకున్నాడు. ఒకటీ అరా పాడైనా పనికొస్తాయని రెండు ఎక్కువే అతికించాడు. మూడు వారాలు కూర్చుని మొదటి తల పూర్తి చేశాడు. ముక్కుపుటాలు పొంగించి, జూలు వెనక్కి ఎగురుతూ, ఇప్పుడే ఎవరో పిలిస్తే పక్కకు చూసినట్టున్న తల అది. ఆ మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటూ కుళాయి దగ్గర కూలిపోయాడు.

పక్షవాతం. కుడి చెయ్యి పూర్తిగా పడిపోయింది, కుడి కాలు సగం. మాటలు తారుమారయ్యాయి. నీళ్లు కావాలంటే 'కిటికీ' అనేవాడు. అన్నది తప్పని తనకే తెలిసి మొహం ఎర్రబడేది. కొన్నాళ్లకు అసలు నోరు విప్పడమే మానేశాడు.

మాత్రలు దొరికిన ఆ మధ్యాహ్నమే రాట్నం యజమాని వచ్చాడు. మంచి మనిషే. గుమ్మం దగ్గర నిలబడి లోపలికి రావాలా వద్దా అని తటపటాయించాడు.

"మేస్త్రి గారికి ఎలా ఉందమ్మా?"

"అలాగే ఉందండీ."

"ఈ మాట చెప్పడానికి నాకే మనసు రావడం లేదు. తలలు కూడా ఫైబరుతోనే పోయించేద్దామనుకుంటున్నాను. నెలాఖరుకి రాట్నం తిరగాలి కదా. ఆయన చేసిన ఆ ఒక్క తలా మీ దగ్గరే ఉంచుకోండి. జ్ఞాపకంగా."

జ్ఞాపకంగా! మనిషి లోపలి గదిలో బతికే ఉన్నాడు. తలుపు తెరిచే ఉంది. ఆమె పిడికిట్లో మాత్రలు చెమటకు జారుతున్నాయి.

"మిగతా ఏడూ నెలాఖరుకి ఇస్తామండీ," అంది.

"ఎవరు చెక్కుతారమ్మా?"

"మెషీను."

ఆ మాట తన నోట్లోంచి ఎలా ఊడిపడిందో ఆమెకే తెలియదు. వెనక వీధిలో సోఫాలు చేసే పెద్దాయన దుకాణం మూసేస్తున్నాడని, ఆయన దగ్గర నకళ్లు చెక్కే మెషీను ఒకటి ఉందని మాత్రం తెలుసు. ఆ మెషీన్ని మేస్త్రి ఎన్నిసార్లు వెక్కిరించాడో లెక్కలేదు. "అది చెక్కదు, కొరుకుతుంది," అనేవాడు.

సోఫాల పెద్దాయన దాన్ని అమ్మనన్నాడు. "డబ్బు వద్దమ్మా. మీ షెడ్డులో పెద్ద రంపం మెషీను ఉందిగా, అది మా అల్లుడికి కావాలి. అదిచ్చి ఇది పట్టుకెళ్లు," అన్నాడు.

ఆ రంపం మేస్త్రి పెళ్లికి ముందు కొనుక్కున్నది. ప్రతి ఆదివారం దాని చక్రాలకు నూనె పెట్టేవాడు. ఆమె భర్తను అడగలేదు. అడిగితే గోడవైపు తిరుగుతాడు తప్ప ఏమంటాడు? మర్నాడు నలుగురు మనుషులు రంపాన్ని మోసుకుంటూ ఆయన కిటికీ ముందు నుంచే వెళ్లారు. ఆయన ఎడమ మోచేతి మీద లేచి, అది సందు మలుపు తిరిగేదాకా చూశాడు. ఆ రాత్రి ముద్ద పెడితే పళ్లు బిగించాడు.

నెలాఖరుకి ఇంకా ఇరవై నాలుగు రోజులు.

షెడ్డు ఇంటి వెనక గోడకు ఆనుకునే ఉంటుంది. ఆ గోడకు అవతలే మేస్త్రి మంచం. ఆమె పాత పనిబల్లను ఈడ్చి రంపం ఉన్న ఖాళీలో వేసి, దాని మీద మెషీన్ని నిలబెట్టింది. సాయానికి ఆడపడుచు వచ్చింది. ఆ పిల్ల బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు బాగుచేసే మెకానిక్కు. డ్యూటీ దిగి, జేబులో పానాలు గలగలలాడించుకుంటూ నేరుగా ఇక్కడికే వచ్చేది.

"వదినా, కుట్టుమిషను అయితే కళ్లు మూసుకుని విప్పేస్తాను. ఇదేంటి, మంచానికీ తక్కెడకీ పుట్టినట్టుంది!"

నిజమే. చూడ్డానికి అలాగే ఉంది. ఇనప చట్రం మీద రెండు పట్టాలు. పట్టాల మీద అటూ ఇటూ జారే బండి. బండికి ఒక అడ్డకమ్మీ. ఆ కమ్మీకి ఎడమ చివర నమూనాను తడిమే ముల్లు, కుడి చివర గిర్రున తిరుగుతూ చెక్కను కోసే కత్తి. ముల్లు నమూనా మీద ఎక్కడ పాకితే, కత్తి పక్కనున్న దిమ్మ మీద సరిగ్గా అక్కడే పాకాలి. వెనక వేలాడే ఇనప బరువు అడ్డకమ్మీని తేలిగ్గా గాలిలో నిలబెడుతుంది. నమూనానూ దిమ్మనూ ఒకేసారి ఒకే మోతాదులో తిప్పడానికి కింద ఒక గొలుసు ఉంది.

చెప్పుకోవడానికి ఇంతే. బిగించడానికి మాత్రం ఐదు రోజులు పట్టింది. బేరింగుల్లో ఎన్నేళ్ల నాటిదో పొట్టు గడ్డకట్టి ఉంది. గొలుసు తుప్పు పట్టింది. కట్టిన బరువు చాలక అడ్డకమ్మీ ముందుకు వాలిపోతుంటే పాత తాళాలు, గొళ్లేలు, చివరికి చట్నీ రాయి కూడా వేలాడదీసి చూశారు. అన్నిటికంటే ముఖ్యమైన ముల్లే లేదు. ఎక్కడో పడిపోయిందని సోఫాల పెద్దాయన చేతులెత్తేశాడు.

ఆమె ఒక బోల్టు కొనను ఆకురాయితో అరగదీసి ముల్లుగా బిగించింది. మేస్త్రి చెక్కిన తలను ఎడమవైపు, మొదటి దిమ్మను కుడివైపు ఎక్కించింది. స్విచ్చి వేసింది. కత్తి అరుపుకు షెడ్డు రేకులు కూడా దద్దరిల్లాయి. ఆమె రోజంతా ముల్లు పిడి పట్టుకుని నమూనాను తడుముతూనే ఉంది. సాయంత్రానికి దిమ్మలోంచి ఒక తల బయటపడింది. బుగ్గలు పీక్కుపోయి, మెడ సన్నబడి, ఒక చెవి కాగితంలా పలచనై అంచు ఎగిరిపోయింది.

ఆడపడుచు వచ్చి చూసింది. "వదినా, ఇది గుర్రమా, పస్తులున్న మేకా?"

ఆమెకు నవ్వు రాలేదు. తల పట్టుకుని పొట్టులోనే కూలబడింది. అది చూసి ఆడపడుచు గొంతు తగ్గించింది. ముల్లునూ కత్తినీ పక్కపక్కన పెట్టి వేలితో చూపించింది. "ఇదిగో చూడు. నీ ముల్లు సన్నం, కత్తి లావు. ముల్లు ఒంటికి తగిలేసరికే కత్తి అవతల కండ తినేస్తోంది. రెండూ ఒకే లావు, ఒకే గుండ్రం ఉండాలి. నేను ఫ్యాక్టరీలో తిప్పించుకొస్తాలే."

ముల్లు రావడానికి రెండు రోజులు. ఆ రెండు రోజులూ ఆమె కూర్చోలేదు. రెండో దిమ్మ ఎక్కించి, దించి, మళ్లీ ఎక్కించింది. ముల్లుకీ కత్తికీ మధ్య దూరం, నమూనా నడిమికీ దిమ్మ నడిమికీ మధ్య దూరం ఒకటేనా అని దారంతో కొలిచింది. మధ్యమధ్య పరుగున లోపలికి వెళ్లి ఆయన్ని పక్కకు తిప్పేది, తుడిచేది. మాత్రలు పొడి కొట్టి నీళ్లలో కలిపి ఇచ్చేది. ఆ నీళ్లు పెదవుల పక్క నుంచి చొక్కా మీదకు కారిపోయేవి. మనిషి రోజురోజుకీ తేలికైపోతున్నాడు. ఎత్తి కూర్చోబెట్టేటప్పుడు ఆ సంగతి ఆమె చేతులకు తెలుస్తోంది. ఈ తలలు పూర్తయితే ఆయన లేచి కూర్చుంటాడని ఎందుకనుకుందో చెప్పమంటే చెప్పలేదు. ఇంకేం అనుకోవడానికీ ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు, అంతే.

కొత్త ముల్లుతో రెండో తల మొదలుపెట్టింది. ఈసారి ముక్కు బాగా వచ్చింది. బుగ్గ బాగా వచ్చింది. ప్రాణం లేచివచ్చినట్టయింది. మెడ దగ్గరికి జరిగేసరికి గోడ అవతల నుంచి దబ్బుమని చప్పుడైంది. ఉలిక్కిపడి మెషీను ఆపింది. చప్పుడు ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. కాసేపటికి మళ్లీ దబ్బు.

మేస్త్రి గోడను కొడుతున్నాడు.

మెషీను మోత పడటం లేదన్నమాట, అనుకుంది. ఆయనకి ఆ కొరికే చప్పుడంటేనే అసహ్యం. అయినా ఆపలేదు. రెండు రోజులు ఆయన కొడుతూనే ఉన్నాడు, ఆమె పళ్లు బిగించి నెడుతూనే ఉంది. బండి ఒకచోట కాస్త మొరాయిస్తోంది. బలంగా తోస్తే దాటుతోంది. దాటిన చోటల్లా నకలు మెడ మీద మెట్టు పడుతోంది. గొలుసు పన్ను జారుతోందేమోనని గొలుసు విప్పి బిగించింది. మెట్టు పోలేదు. బరువు మార్చింది. పోలేదు. ఇంక పదమూడు రోజులే ఉన్నాయి. గోడ మీద దబ్బు. ఒళ్లు మండిపోయి ఉన్న బలమంతా పెట్టి బండిని ఒక్క తోపు తోసింది.

అది ఒక్కసారిగా ఎగిరి దూకింది. ముల్లు నమూనా దవడలోకి దిగబడి కంటి కింద దాకా గీరుకుపోయింది.

మెషీను ఆపింది. వేలెడు పొడవు గాడి. మేస్త్రి చెక్కిన తల మీద. ఆయన చెయ్యి చెక్కిన ఆఖరి తల మీద.

ఆమెకు ఏడుపు కూడా రాలేదు. గోడ అవతల మళ్లీ దబ్బుమంది. దాంతో ఆమెలో ఏదో తెగింది. విసురుగా గదిలోకి వెళ్లింది. మేస్త్రి మంచం అంచున గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. ఎడమ పిడికిలి కణుపులు కమిలి నల్లబడ్డాయి.

"ఏం కావాలి మీకు? చప్పుడు ఆపాలా? ఆపేశాను! మీ గుర్రం మొహం మీద గాడి పెట్టేశాను. చాలా? సంతోషమా? మాత్రలు ఉమ్మేస్తారు. ముద్ద పెడితే పళ్లు బిగిస్తారు. దిండులో దాచింది నేను చూడలేదనుకున్నారా? ఇరవై రెండేళ్లు మీ వెనక నునుపు పట్టుకుంటూ వచ్చాను, ఏ రోజైనా ఒక్క మాట అన్నానా? మీకు పడిపోయింది ఒక చెయ్యి. నాకు మనిషే లేకుండా పోయాడు!"

మేస్త్రి నోరు తెరిచాడు. మాట మానేశాక అదే మొదటిసారి. గొంతు గరగరలాడింది. "అన్నం," అన్నాడు.

"అన్నమా? ఇప్పుడా మీకు ఆకలి వేసింది?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "అన్నం! అన్నం!" మొహం జేవురించింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. కావలసిన మాట దొరకడం లేదు. మంచాన్ని చరిచాడు. తర్వాత ఎడమ అరచేతిని గోడకు ఆనించి "స్స్స్" అంటూ మెల్లగా పక్కకు జరిపాడు. సాఫీగా పోతున్న చెయ్యి ఒకచోట టక్కున ఆగింది. అక్కడ పిడికిలితో ఒకటి కొట్టాడు. చేతిని మళ్లీ మొదటికి తెచ్చాడు. "స్స్స్." అదే చోట ఆగాడు. కొట్టాడు. మూడోసారి. అదే చోట.

ఆమె ఆ చెయ్యి ఆగిన చోటునే చూసింది.

ఆయన విసుక్కోవడం లేదు. వింటున్నాడు. రెండు రోజులుగా గోడకు చెవి ఆనించి వింటూ, బండి ఎక్కడ పట్టేస్తోందో ఆ చోటల్లా కొట్టి చెబుతున్నాడు.

"బండా? బండి పట్టేస్తోందా?"

మేస్త్రి కళ్లు మూసుకుని ఊపిరి వదిలాడు.

ఆయన్ని షెడ్డులోకి తీసుకెళ్లేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. కుడి కాలు నేల మీద గీరుతూ వస్తోంది. సగం బరువు ఆమె భుజం మీదే ఉంది. లోపలికి రాగానే ఆయన చూపు ముందు గాడి మీద పడింది. దగ్గరికి వెళ్లి బొటనవేలు అందులో పెట్టి పై నుంచి కింది దాకా తడిమాడు. ఆమె పక్కకు తిరిగి నిలబడింది. తిడితే బాగుండుననిపించింది. ఆయన రంపం ఉండే చోటు కేసి ఒకసారి చూశాడు. తర్వాత పట్టా మీద చెయ్యి వేశాడు.

మూలనున్న రెండు సన్నటి బద్దలను వేలితో చూపించాడు. ఆమె అందించింది. ఒకదాన్ని పట్టాల మీద ఈ చివర అడ్డంగా, రెండోదాన్ని ఆ చివర అడ్డంగా పెట్టించాడు. వంగలేక వంగి ఒక కన్ను మూసి చూశాడు. ఆమెనూ చూడమన్నట్టు కొంగు పట్టుకుని లాగాడు. రెండు బద్దలూ ఒక గీతగా కనిపించాల్సింది పోయి, వెనకది ఒకపక్క పైకి లేచి ఉంది. బల్లే మెలితిరిగి ఉంది. నాలుగో కాలు కింద నేల పల్లంగా ఉంది. పట్టాలకు పొడవునా రసమట్టం పెట్టి చూసిందే కాని ఈ మెలిక సంగతి ఆమెకు తట్టలేదు. బల్లతోపాటు పట్టాలూ మెలిపడి బండిని పట్టేస్తున్నాయి.

నాలుగో కాలు కింద సన్నటి చెక్కముక్క దూర్చింది. ఆయన చాలదన్నట్టు తల ఊపాడు. ఇంకొకటి. మళ్లీ ఊపాడు. మూడోదానికి చాలన్నట్టు చెయ్యెత్తాడు. బండిని వేలితో తోస్తే ఆ చివర నుంచి ఈ చివరకు చప్పుడు లేకుండా జారింది.

ఆ సాయంత్రం మాత్రలు ఇచ్చినప్పుడు మేస్త్రి మింగి, నోరు బార్లా తెరిచి, నాలుక ఎత్తి మరీ చూపించాడు. కోపంగానే చూపించాడు. ఆ తర్వాత ప్రతి పూటా అలాగే, అంతే కోపంగా.

దిమ్మలు ఇంకా ఏడు. కావలసిన తలలు ఏడు. ఒక్కటి చెడినా దారి లేదు. నమూనా దవడలోని గాడిని పొట్టూ జిగురూ కలిపి నింపింది. ముల్లుకు మైనం రాసింది. నమూనా మీద అది నొక్కుకోకుండా పాకాలంటే ఎంత మెత్తగా పట్టుకోవాలో మేస్త్రి చూపించాడు. తన ఎడమచెయ్యి ఆమె చెయ్యి మీద వేసి, అలా కాదు, ఇలా అని. పది నిమిషాలకే ఆయన భుజం వణికేది. కుర్చీలో వాలిపోయి కళ్లు మూసుకుని వినేవాడు. ఎక్కడైనా మోత మారితే కుర్చీ చేతిని తట్టేవాడు.

అయినా ఒక తలకు రెండున్నర రోజులు పడుతోంది. మెషీను ఒళ్లంతా గాట్లు వదిలేస్తుంది, కనురెప్పా ముక్కుపుటం వాటంతట అవి తేలవు. వాటికి ఉలి కావాలి. మేస్త్రి ఎడమచేత్తో ఉలి పట్టుకుంటే ఆమె సుత్తితో కొట్టింది. మొదటి కనురెప్ప ముక్కలైంది. ఆయన ఉలి విసిరికొట్టాడు. అది తగరపు డబ్బాకి తగిలి మోగింది. ఆమె వెళ్లి తెచ్చి మళ్లీ ఆయన చేతిలో పెట్టింది. "కొద్దిగా లోతుకి చెక్కితే రెప్ప మళ్లీ వస్తుందిగా. పట్టుకోండి," అంది.

నాలుగు తలలు కుదిరాయి. ఐదోది అతుకు దగ్గర నిలువునా పగిలింది, మెషీను మీదే, రెండు రోజుల పని అయ్యాక. అప్పటికి మిగిలింది ఒక్క రోజు. మర్నాడు ఆమె యజమానికి ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

అతను వ్యాను తెచ్చాడు. నాలుగు నకళ్లూ, గాడి పూడ్చిన అసలుదీ, మొత్తం ఐదు తలలు గోనెల్లో చుట్టించాడు. మిగతా మూడూ ఫైబరువే పెడతానన్నాడు. గాడి ఉన్న దవడను తడిమి చూశాడు. "మేస్త్రి గారూ, బాగున్నాయండీ," అన్నాడు గదివైపు తిరిగి కాస్త గట్టిగా.

వ్యాను వెళ్లాక ఆమె గుమ్మంలో కూర్చుంది. చేతులు రెండూ ఒళ్లో పడి ఉన్నాయి. ఏడు ఇస్తానని నాలుగు ఇచ్చింది. డాక్టరు నెల తర్వాత రమ్మన్నాడు. ఆ చెయ్యి తిరిగి వస్తుందని అతను ఒక్కసారి కూడా అనలేదు. ఎంతసేపు అలా ఉందో తెలియదు. లేచి గదిలోకి వెళ్లి చూస్తే మంచం ఖాళీగా ఉంది.

కుళాయి దగ్గర చూసింది. లేడు. షెడ్డు వైపు పరుగెత్తింది.

మేస్త్రి బల్లకు నడుం ఆనించి నిలబడి ఉన్నాడు. గోడ పట్టుకుని ఎలా వచ్చాడో, మోకాలు దోక్కుపోయి రక్తం చారలు కట్టింది. ఎడమచెయ్యి ముల్లు పిడి మీద ఉంది. కరెంటు లేని బండిని అటూ ఇటూ జరుపుతున్నాడు.

"పడిపోతే ఏమయ్యేది?" అంది రొప్పుతూ.

ఆయన వినిపించుకోలేదు. మూలనున్న రెండు దిమ్మల కేసి గడ్డం ఎత్తాడు. "ఇంకోటి," అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

"ఎవరికండీ? రాట్నం ఆయన ఇంక తీసుకోడు. నమూనా కూడా వెళ్లిపోయింది."

"పగి... పగిలింది," అన్నాడు, అతుకు విడిపోయిన తలను చూపిస్తూ. దాన్ని అతికించి నమూనాగా పెట్టమంటున్నాడని అర్థం కావడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. ఆ రెండు దిమ్మలూ అయిపోయాక ఏం చేస్తారో ఆమెకు తెలియదు. ఆయన్ని అడగాలనీ అనిపించలేదు. ముందు కుర్చీ జరిపి కూర్చోబెట్టింది, మోకాలు తుడిచింది. తర్వాత జిగురు డబ్బా మూత తీయడానికి ఉలి వెతకసాగింది.